రెండు పూతల చీజ్ మిర్చి

తడి మిర్చికి పిండి పట్టదు. ఈ ముక్క డోరా పొద్దుటి నుంచి ఉదయ్‌కిరణ్‌కి మూడుసార్లు చెప్పింది. అతను మూడుసార్లూ తల ఊపాడు గాని ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోలేదు. అతనికి కావలసింది గ్రాములూ నిమిషాలూ.

"వేడినీళ్ళలో ఎంతసేపు ఉంచుతారు మేడమ్?"

"రంగు తిరిగేదాకా."

"అంటే రెండు నిమిషాలని రాసుకోనా?"

"లేత కాయైతే రెండు. ముదురు కాయైతే మూడు. కాయను చూసి తియ్యాలి బాబూ, గడియారాన్ని చూసి కాదు."

ఏ.ఎస్. రావు నగర్ మెయిన్‌రోడ్డు మీద రాఘవేందర్ స్నాక్స్ దుకాణానికి ముందు భాగమంతా అద్దాలు, రంగు బల్బులు. వెనక వంటగదిలో మాత్రం ఒక్క కిటికీ, ఒక్క ఫ్యాను. ఆ ఫ్యాను కింద స్టీలు బల్ల ముందు డోరా తొమ్మిదేళ్లుగా నిలబడుతోంది. బజ్జీ మిర్చిని ఎడమచేత్తో తొడిమ దగ్గర పట్టుకుని, మొన తెగకుండా ఒకవైపే గాటు పెట్టి, చెంచా కాడతో గింజలు ఊడ్చేస్తుంది. ఉప్పూ వెనిగరూ వేసిన వేడినీళ్ళలో ముంచి తీసి, పాత నూలు బట్ట మీద పరిచి, ఒక్కొక్క కాయనీ లోపలా బయటా అద్దుతుంది. లోపల కాస్త పొడి బియ్యప్పిండి చల్లుతుంది. అప్పటికి ఫ్రీజర్‌లో చీజ్ కడ్డీలు గట్టిపడి ఉంటాయి. తురిమిన చీజ్‌లో ఉడికించిన బంగాళదుంప, మిరియాలపొడి కలిపి వేలు లావున చుట్టిన కడ్డీలు అవి. మిర్చిలో కడ్డీ పెట్టి, వాము వేసిన శనగపిండిలో ముంచి, మళ్ళీ పది నిమిషాలు చల్లని చోట ఉంచి, రెండోసారి ముంచి అప్పుడు నూనెలోకి వదులుతుంది. గాటు పెట్టిన వైపు ముందు నూనెను తాకాలి. తాకగానే అతుక్కుపోవాలి. లేకపోతే చీజ్ అంతా బయటికొచ్చి బాండీలో చిటపటమని పేలుతుంది.

దుకాణం మెనూలో ఇప్పుడు ఈ మిర్చి ఏడు రకాలు. పల్లీ చీజ్, పుదీనా చీజ్, మొక్కజొన్న చీజ్, తందూరీ చీజ్, ఇంకా ఏవేవో. ఏ రకమైనా డోరా చేతి మీదుగానే పోవాలి. సాయంత్రం ఐదైతే కుర్రకారు బైకులు దుకాణం ముందు నుంచి రోడ్డు మీదిదాకా నిలుస్తాయి.

"అమెరికాలో కూడా ఇలాంటిది ఉంది మేడమ్," అన్నాడు ఉదయ్‌కిరణ్. "అక్కడి మిరపకాయలో చీజ్ పెట్టి, బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. పాపర్ అంటారు. మొదట ఎవరు చేశారంటే ఊరికో కథ చెప్తారు."

"మనకు ఒక్కటే కథ," అని డోరా నవ్వింది. అది తన కథే అని ఆమె ఉద్దేశం.

కొత్తగా ఎనిమిది బ్రాంచీలు రాబోతున్నాయి. అన్నిచోట్లా రుచి ఒకేలా ఉండాలని, డోరా చేతిపని పుస్తకంగా రాయడానికి ఉదయ్‌కిరణ్‌ని పెట్టుకున్నాడు రాఘవేందర్. ఆ పుస్తకం రాయించుకోవడం డోరాకి లోలోపల గర్వంగానే ఉంది.

పదకొండింటికి ఇద్దరు మనుషులు నిలువెత్తు బోర్డు మోసుకొచ్చి ముందు గదిలో గోడకి బిగించారు. డోరా చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూసింది. బోర్డు మీద రాఘవేందర్ వాళ్ళమ్మ శ్యామలమ్మ. పట్టుచీర కట్టుకుని, చేతిలో మిర్చి ప్లేటు పట్టుకుని నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: 'బొల్లారంలో ఒక చిన్న వంటిల్లు. పిల్లల కోసం ఒక తల్లి మొట్టమొదటిసారి మిర్చిలో చీజ్ నింపింది. ఆ రుచే నేడు మీ ముందుకు.'

డోరా రెండుసార్లు చదివింది. శ్యామలమ్మ నెలకోసారి గుడికి వెళ్ళి వస్తూ దుకాణంలో కూర్చుంటుంది. ఒకసారి కొడుకు బలవంతం మీద చీజ్ మిర్చి కొరికి, "ఇవి ఇరిగిన పాలా బిడ్డా?" అని కాగితంలో ఉమ్మేసింది. అప్పటినుంచి ఆమె కోసం డోరా నువ్వులపొడి కూరిన మిర్చి వేరుగా వేయిస్తుంది.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్? మంచిగ లేదా?" రాఘవేందర్ వెనకనుంచి వచ్చాడు. నలభై దాటిన మనిషి. చెవి దగ్గర ఎప్పుడూ ఫోను ఉంటుంది.

"ఫోటో బాగుంది సార్. అమ్మగారు చీజ్ వాసనకే ముక్కు మూసుకుంటారు కదా మరి."

"జనానికి ఆ ముచ్చట తెల్వదు గద." అతను నవ్వాడు. "బిజినెస్‌కు ఒక కథ ఉండాలె అక్కా. అమ్మ చేతి వంట అంటే అందరికి మంచిగ అనిపిస్తది."

"మరి నేను?"

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో డోరాకే తెలియలేదు. రాఘవేందర్ నవ్వు ఆగింది.

"నువ్వు మా ఇంటి మనిషి లెక్క. గాని బోర్డు మీద స్టాఫ్ పేర్లు ఎవరన్న రాస్తరా?" అంటూ సంచీలోంచి ఒక కాగితాల కట్ట తీశాడు. "ఇంకొకటి. గిదాని మీద సంతకం కావాలె. గురువారం బ్రాంచీలు తీసుకునేటోళ్ళు వస్తరు, వీడియో షూటింగ్ సుత ఉంది. ఆ లోపట చేసియ్యి."

"ఏముంది సార్ ఇందులో?"

"ఏం లేదు. ఈ మిర్చి చేసుడు కంపెనీది. నువ్వు బయట ఎక్కడ చెయ్యొద్దు, ఎవ్వలకు నేర్పొద్దు. గంతే."

"ఆదివారం మా చర్చిలో కోత పండుగ ఉంది. ప్రతి ఏడూ స్టాల్ పెడతాను. మీకు తెలుసు కదా."

రాఘవేందర్ ఫోను మోగింది. దాన్ని చూస్తూనే, "ఈసారి కేకులో, సమోసలో పెట్టుకో అక్కా," అని బయటికి వెళ్ళిపోయాడు.

డోరా లోపలికి వచ్చింది. బట్ట మీద పరిచిన మిర్చి ఆరిపోయి ఉంది. ఒక్కొక్కటీ తీసి కడ్డీలు పెట్టడం మొదలుపెట్టింది. మూడో కాయ చేతిలో చీలిపోయింది.

*

లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక సందులో రెండు గదుల ఇల్లు. జెరెమియా వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి మొన్న జూన్‌లో రిటైరయ్యాడు. ఏ కాగితం చేతికొచ్చినా, బోల్టు మర చూసినట్టు తిప్పి తిప్పి చూడటం అతని అలవాటు. భార్య తెచ్చిన కట్టని మంచం మీద పరుచుకుని వేలు పెట్టి చదివాడు. చదివి పెద్దగా నవ్వాడు.

"నవ్వులాటగా ఉందా మీకు?" అంది డోరా.

"విను మరి. 'నేను స్వయంగా రూపొందించిన ఈ వంటకంపై సర్వహక్కులూ కంపెనీకి అప్పగిస్తున్నాను.' గోడ మీదేమో ఆవిడ చేసిందట. కాయితంలోనేమో నువ్వు చేశావట. గోడ మాట గోడది, కాయితం మాట కాయితానిది."

ఆ వాక్యాన్ని డోరా కూడా చదువుకుంది. నిజమే. ఎవరికీ కనిపించని చోట తన పేరు ఉంది, అదీ వదులుకోవడానికి.

"సంతకం పెట్టకపోతే పనిలోంచి తీసేస్తాడా?" అన్నాడు జెరెమియా.

"తీసేస్తాననలేదు. అనకుండానే తెలిసింది."

జెరెమియా కాగితాలు మడిచాడు. "అన్యాయం కదా ఇది. నువ్వు చేసిందని నీ నోటితో చెప్పు. సాక్ష్యం కావాలంటే కామేశ్వరమ్మ గారు ఉండనే ఉన్నారు. మీరిద్దరూ ఆ రోజుల్లో ఒకే వంటింట్లో తిరిగిన మనుషులు. ఆవిడ మాటంటే ఎవరైనా వింటారు."

డోరాకి అది నచ్చింది. కామేశ్వరమ్మ భర్త రైల్వే గార్డు. డోరా పుట్టి పెరిగిన క్వార్టరుకి వాళ్ళది పక్క క్వార్టరు. ఇప్పుడు ఎనభై దాటి, పద్మారావు నగర్‌లో మేనకోడలి దగ్గర ఉంటోంది. క్రిస్‌మస్‌కి కేకు పట్టుకెళ్ళడం తప్పిస్తే మధ్యలో వెళ్ళి చూసింది లేదు.

"చీజ్ డబ్బా మొదటిసారి మా నాన్న తెచ్చినప్పుడు ఆవిడ అక్కడే ఉన్నారు," అంది డోరా. "నేను మిర్చిలో కూరడం ఆవిడ కళ్ళారా చూశారు."

ఆ రాత్రి తింటూనే డోరా కామేశ్వరమ్మ చేత కాగితం మీద రాయించాల్సిన మాటలు నాలుగైదు రకాలుగా మనసులో అమర్చుకుంది.

*

బుధవారం మధ్యాహ్నం సెలవడిగింది. మోండా మార్కెట్‌లో తనెప్పుడూ కొనే అంగట్లో, వంకర లేని, దళసరి తొక్కున్న మిర్చి కిలోన్నర ఏరుకుని, ఆదివారానికి వీటిని వాడతానో లేదో అనుకుంటూనే సంచీలో వేసుకుని, ఆటో ఎక్కింది.

కామేశ్వరమ్మ కిటికీ పక్క మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కంటిచూపు తగ్గింది గాని చెవులు చురుగ్గానే ఉన్నాయి.

"ఎవరే? డోరావా? ఆ చెప్పుల చప్పుడు నీదే."

"నేనే పిన్నిగారు. బాగున్నారా?"

"క్రిస్‌మస్ కాకుండా వచ్చావంటే ఏదో పనుండే వచ్చుంటావు. కూర్చో. చేతులు ఖాళీగా పెట్టుకోకు, ఈ కాయలు అందుకో."

డోరా నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతూ అంతా చెప్పింది. బోర్డు, పట్టుచీర ఫోటో, కాగితం, చర్చి స్టాల్. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. "నేను మొదట చేసినప్పుడు మీరు చూశారు కదా పిన్నిగారు. ఆ మాట ఒక్కటి మీరు చెప్పాలి. రాసిచ్చినా చాలు."

కామేశ్వరమ్మ చేతిలో కాయ పూర్తిచేసి పళ్ళెంలో వేసింది.

"నువ్వే మొదట చేశావని నేనెలా రాసివ్వనే?"

డోరా తలెత్తింది.

"మీ నాన్న చీజ్ డబ్బా తెచ్చాడు, నిజం. కంటోన్మెంట్ క్యాంటీన్‌లో ఎవరో స్నేహితుడు ఇప్పించాడన్నాడు. దాన్ని ఏం చేసుకోవాలో తెలీక నువ్వు మా ఇంటికి పట్టుకొచ్చావు. పదహారేళ్లదానివి, రెండు జడలు. అవునా?"

"అవును."

"అప్పుడు నా పొయ్యి మీద బజ్జీలకి నూనె కాగుతోంది. మొదటి మిర్చిలో చీజ్ పెట్టింది నేను. రెండోదాంట్లో నువ్వు పెట్టావు."

డోరాకి ఆ వంటిల్లు స్పష్టంగా గుర్తుంది. నీలం ఎనామిల్ గిన్నె, నూనె వాసన, కిటికీలోంచి వర్క్‌షాపు సైరన్. ఆ చిత్రంలో మిర్చి పట్టుకున్న చెయ్యి మాత్రం ఇన్నేళ్ళూ తనదే. ఇప్పుడు ఆ చేతికి గాజులు కనిపించాయి. బంగారు అంచున్న ఆకుపచ్చ గాజులు. తను గాజులు వేసుకునేది కాదు.

"నాకు గుర్తులేదు పిన్నిగారు," అంది చిన్నగా.

"నీకెలా గుర్తుంటుంది? ఆ తర్వాత చేసిందంతా నువ్వేనాయె. పైగా అది నాకు మాత్రం సొంతంగా తట్టిందా? మీ అమ్మ కాపురానికి రాకముందు, ఇంజన్ డ్రైవర్ రోజారియో గారి భార్య ఉండేది మీ క్వార్టర్లో. గౌను వేసుకుని, పొద్దున్నే తోటకి నీళ్ళు పోసేది. ఆవిడ బుట్ట మిరపకాయలో డబ్బా చీజ్ కూరి, గుడ్డులో ముంచి, రొట్టెపొడి అద్ది వేయించేది. కిటికీలోంచి చూశాను నేను. మాకు గుడ్డు పనికిరాదు కదా, శనగపిండి కలిపాను. బుట్ట మిర్చి ఖరీదని బజ్జీ మిర్చి తీసుకున్నాను. ఆవిడనడిగితే, ఖరగ్‌పూర్‌లో వాళ్ళ అత్తగారు చేసేదంది. అత్తగారికి ఎవరు చెప్పారో ఆ దేవుడికి తెలియాలి."

డోరా మనసులో కోపమంతా ఎక్కడికో జారిపోతోంది. దానితోపాటు తను పట్టుకుని నిలబడ్డదేదో కూడా. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఒక ఏడు కోత పండుగలో చేతికి మైకిచ్చి, ఇది ఎవరు నేర్పారమ్మా అని అడిగితే, 'ఎవరూ లేదు, నా సొంత బుర్ర' అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది అబద్ధమని అప్పుడు అనిపించలేదు. శ్యామలమ్మ ఫోటో కింద రాతలు కూడా రాఘవేందర్‌కి అలాగే అనిపించి ఉండొచ్చు.

"మీ పేరు నేను ఎక్కడా చెప్పలేదు పిన్నిగారు. ఒక్కసారి కూడా."

"చెప్పలేదా?" కామేశ్వరమ్మకి ఎందుకో నవ్వొచ్చింది. "నేను రోజారియో పేరు మా ఆడపడుచులకి చెప్పానేమిటి? గుడ్డు ముట్టే వంటింట్లోంచి వచ్చిందంటే వాళ్ళు నోట్లో పెట్టేవారా? నా సొంతమే అని చెప్పి నాలుగేళ్ళు మెప్పు పొందాను."

డోరాకి నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు చెమర్చాయి. చిక్కుడుకాయలు తుంపుతున్న వేళ్ళతోనే తుడుచుకుంది.

"ఏడుస్తావెందుకే? నీ వాటా నీకు లేదన్నానా? నేను చేసినవి ఎప్పుడూ నూనెలో పేలేవి. మొదటిరోజే నా మణికట్టు కాలింది. అది పేలకుండా చేసింది నువ్వు. బంగాళదుంప కలిపావు, పిండిలో రెండుసార్లు ముంచావు. అందుకోసం ఎన్ని ఆదివారాలు మా నూనె తగలేశావో నాకు గుర్తుంది." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "నీ సంచీలో మిర్చి ఉంది కదూ? ఫ్రిజ్‌లో పిల్లల చీజ్ బిళ్ళలున్నాయి. శనగపిండి అటకమీద డబ్బాలో. లే."

పలచటి చీజ్ బిళ్ళలని చాపలా చుట్టి మిర్చిలో పెట్టడం డోరాకి కొత్త. బంగాళదుంప లేదు. గాటు మీద బియ్యప్పిండి తడి చేసి సీలు వేసింది. కామేశ్వరమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని చెవి పెట్టి కూర్చుంది. మిర్చి నూనెలో పడి, సన్నగా బుసబుసమని, అలాగే నిమ్మళంగా వేగింది.

"పేలడం లేదే," అంది ఆవిడ.

"రెండోసారి ముంచాను పిన్నిగారు."

ఆవిడ ఊదుకుంటూ సగం తింది. మిగతా సగం డోరా చేతిలో పెట్టింది. నిలబడే తిన్నది డోరా. కారం ముక్కులోకి ఎక్కింది. బోర్డు చూసినప్పటి నుంచి పళ్ళ బిగువున పట్టిన దవడ సడలినట్టు అప్పుడు తెలిసింది.

*

గురువారం పొద్దున దుకాణంలో లైట్లూ, స్టాండ్లూ, వైర్లూ. కెమెరా అతను వంటగది గుమ్మంలో నిలబడి వెలుతురు చూసుకుంటున్నాడు. బ్రాంచీలు తీసుకునేవాళ్ళు పన్నెండింటికి వస్తారట. రాఘవేందర్ కొత్త చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

డోరా స్టోరు గదిలో అతన్ని ఆపి, సంతకం లేని కాగితాలు చేతిలో పెట్టింది.

"నేను పెట్టలేను సార్."

"గిప్పుడా చెప్పేది?" అతని గొంతు పెరిగింది. "ఏమైంది? జీతం పెంచాల్నా? చెప్పు, పెంచుతా."

"అది కాదు. ఇది నేను కనిపెట్టానని, మీకు ఇచ్చేశానని ఇందులో ఉంది. నేను కనిపెట్టలేదు. నాది కానిది మీకెలా ఇస్తాను?"

రాఘవేందర్ తెల్లబోయాడు. అతను దేనికి సిద్ధపడ్డాడో డోరాకి అర్థమైంది. నాది, నా పేరు రాయి అని ఆమె కొట్లాడితే జవాబు అతని దగ్గరుంది. దీనికి లేదు.

"నీది కాకపోతే ఎవరిది?"

డోరా నోరు తెరిచేలోపు ముందు గదిలోంచి, "అమ్మగారు వచ్చారు సార్," అని కేకేశాడు ఉదయ్‌కిరణ్. రాఘవేందర్ కాగితాలు బియ్యం మూట మీద పడేసి, "తర్వాత మాట్లాడుదం," అని వెళ్ళిపోయాడు.

శ్యామలమ్మ బోర్డు మీది పట్టుచీరలోనే వచ్చింది. బోర్డు ముందు నిలబడి తన బొమ్మని కాసేపు చూసుకుంది. అక్షరాలు కూడబలుక్కుని చదివేంత తీరిక ఎవరూ ఇవ్వలేదు. నేరుగా వంటగదిలోకి తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టారు. కూరి పెట్టిన మిర్చి, పిండి గిన్నె, కాగే బాండీ.

"అమ్మా, నువ్వు మిర్చి పట్టుకొని పిండిల ముంచాలె. కెమెరాల చూసి, 'నా పిల్లల కోసం మొదటిసారి నేనే చేసిన' అని చెప్పాలె. గంతే," అన్నాడు రాఘవేందర్.

"ఏం చేసిన?"

"ఈ చీజ్ మిర్చి."

శ్యామలమ్మ మిర్చి మధ్యలో పట్టుకుంది. గాటు విచ్చుకుని కడ్డీ జారి పిండిలో పడింది. చేతిలో ఖాళీ మిర్చి పట్టుకుని డోరా వైపు చూసింది. "ఎట్ల పట్టుకోవాలె బిడ్డా?"

డోరా దగ్గరికి వచ్చింది. "తొడిమ దగ్గరమ్మా. గాటు పైకి ఉంచి. ఇలా." ఆవిడ వేళ్ళని తన వేళ్ళతో సర్ది ఇంకో మిర్చి పెట్టింది. కెమెరా అతను, మేడమ్ కొంచెం పక్కకి జరగండి, అన్నాడు. డోరా జరిగింది.

శ్యామలమ్మ మిర్చిని పిండిలో ముంచలేదు. బల్ల మీద పెట్టేసింది.

"రాఘవా, నేను ఇది ఎప్పుడు చేసినరా?"

"అమ్మా, ఊకె చెప్పు. అడ్వటైజ్‌మెంట్ అది."

"నీ చిన్నప్పుడు జొన్నరొట్టెల మీద ఎల్లిపాయ కారం ఏసి పెట్టిన. గది చెప్పమను, చెప్త. నేను ముట్టనిదాన్ని నేను చేసిన అంటే నా తోటి గుడికి వచ్చేటోళ్ళు ఫోన్ల చూసి నవ్వరా? నా మొఖం పెట్టి అబద్ధం చెప్పిపిస్తవా?" ఆవిడ కోపంగా అనలేదు. చేతులకంటిన పిండి కడుక్కుంటూ అంది. తర్వాత డోరా వైపు తిరిగింది. "నువ్వు చేసినవా బిడ్డా ఇది?"

అందరూ డోరాని చూశారు. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. అవును అనే మాట నాలుక చివరే ఉంది. అన్నా కాదనేవాళ్ళు ఆ గదిలో లేరు.

"పూర్తిగా నేను కాదమ్మా," అంది. "లాలాగూడ క్వార్టర్లలో రోజారియో అని ఒకావిడ గుడ్డుతో చేసేదట. ఆవిణ్ణి చూసి మా పక్కింటి కామేశ్వరమ్మ గారు శనగపిండితో చేశారు. వాళ్ళవి నూనెలో పేలేవి. పేలకుండా చెయ్యడం వరకు నాది."

ఉదయ్‌కిరణ్ ల్యాప్‌టాప్ తెరిచి ఏదో కొట్టుకుంటున్నాడు. శ్యామలమ్మ మాత్రం మెల్లగా తల ఊపింది. "గట్ల చెప్పు. మంచిగున్నది," అని, పట్టుచీర కొంగు దులుపుకుని ముందు గదిలోకి నడిచింది.

కెమెరా అతను టీ తాగడానికి వెళ్ళాడు. రాఘవేందర్ నూనె డబ్బా మీద కూలబడ్డాడు. కొత్త చొక్కా మోచేతి దగ్గర పిండి మరక అయింది. అతను చూసుకోలేదు. డోరా స్టవ్ మంట తగ్గించి, జారిపోయిన కడ్డీని పిండిలోంచి తీసి పక్కన పెట్టింది. ఏం జరిగినా ఇప్పుడు సరే అనిపించింది. ఇంటికి పొమ్మంటే పోవచ్చు. మెడ మీద నుంచి పెద్ద మూట దించినట్టు ఉంది.

"నువ్వు పోతవని భయం అక్కా," అన్నాడు రాఘవేందర్ నేలకేసి చూస్తూ. "పోయినేడు ఇద్దరు మాస్టర్లు పోయి ఎదురుంగనే దుకాణం పెట్టిన్రు. నువ్వు సుత పోతే ఎనిమిది బ్రాంచీలు కాదు, గీ ఒక్కటి సుత నడవది. రాత్రి నిద్ర పడ్తలేదు. అందుకే ఆ కాయితం."

తొమ్మిదేళ్ళలో అతను ఆమె ముందు ఇంత చిన్నగా మాట్లాడటం ఇదే మొదలు.

"పోవాలనుకుంటే ఇన్నేళ్ళు ఉంటానా సార్? ఆ మాట నన్ను అడిగితే సరిపోయేది."

"మరి ఏం రాసుకుందాం?"

డోరాకి ఆలోచించుకునే పని లేకపోయింది. "రెండేళ్లు మీ బ్రాంచీల వాళ్ళకి నేర్పుతానని రాయండి. నేర్పేది డోరా అని పేరు రాయండి. నేర్పే పనికి జీతం వేరు. చర్చిలో చేస్తానో, మా ఇంట్లో చేస్తానో, అది నా ఇష్టం. ఎవరు చేసుకున్నా నేను అడ్డుపడను, మీరూ పడకూడదు."

అతను స్టోరు గదిలోంచి కాగితాలు తెచ్చి, పెన్ను తీసి, సర్వహక్కుల వాక్యం మీదా, బయట చెయ్యొద్దన్న వాక్యం మీదా అడ్డంగా గీతలు గీశాడు. వెనకవైపు తన చేత్తో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. డోరా చదువుకుని తనూ పెట్టింది.

"బోర్డు?" అని అడిగాడు గుమ్మంలోంచి ఉదయ్‌కిరణ్. "ఇందాక మేడమ్ చెప్పిన కథ రాద్దామా సార్? చాలా బాగుంది."

"వద్దయ్యా సామీ. ఎవ్వల కథ వద్దు." రాఘవేందర్ లేచాడు. "చీజ్ మిర్చి, వేడివేడిగ అని రాయి. గది మాత్రం అబద్ధం కాదు." ఆ మాట అన్నాక అతనికే నవ్వొచ్చింది. పన్నెండింటికి వచ్చినవాళ్ళకి బోర్డు విప్పేసిన గోడ కింద, డోరా చేతి మిర్చి పెట్టారు. వాళ్ళు గోడ సంగతి అడగలేదు. ఇంకో ప్లేటు అడిగారు.

*

ఆదివారం కోత పండుగలో ఆరాధన ముగియకముందే మిర్చి అంతా అయిపోయినంత పనైంది. సోమవారం నుంచి నేర్పే పని షురూ. మొదటి బ్రాంచీ నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో కల్పలతకి నలభై పైనే ఉంటాయి. మల్కాజ్‌గిరిలో పదేళ్లు బజ్జీల బండి నడిపిన మనిషి. డోరా చెబుతుంటే చేతులు కట్టుకుని, అన్నీ తెలిసినట్టూ, ఏమీ నమ్మనట్టూ చూసింది. మిర్చి ఆరబెట్టడం దగ్గర మాత్రం ముందుకొచ్చి, బట్ట మీద కాయని వేలితో తాకి, "ఔ, తడుంటే జారుతది," అంది. ఉదయ్‌కిరణ్ ఈసారి ఆ మాట రాసుకున్నాడు.

కడ్డీలు చుట్టడం మొదలయ్యాక కల్పలత ఆగింది.

"అక్కా, ఒకటి అడుగుతా. ఈ బంగాళదుంపల ఉప్పు, మిరియం తప్ప ఏం లేదు. జెర గోంగూర పచ్చడి కలిపితే ఎట్లుంటది? పులుపు తగుల్తే చీజ్ మొహం కొట్టదు."

డోరా నోటికి వెంటనే వచ్చింది వద్దు అనే మాటే. ఇది ఇలాగే చెయ్యాలి, ముప్పై ఏళ్ళుగా ఇలాగే ఉంది. కల్పలత చెయ్యి అప్పటికే వెనక్కి పోయింది. చిన్నప్పటి నుంచి వద్దు అనిపించుకోవడం అలవాటైన చెయ్యి అది.

"కలుపు చూద్దాం," అంది డోరా.

కల్పలత టిఫిన్ డబ్బాలోంచి పచ్చడి తీసింది. రెండు చెంచాలు వేసి పిసికి, నాలుగు కడ్డీలు చుట్టింది. పచ్చడి తడికి కడ్డీ మెత్తబడింది. డోరా ఇంకాస్త బంగాళదుంప వేసింది. ఫ్రీజర్‌లో గంట పెట్టి, కూరి, రెండుసార్లు ముంచి, గాటు వైపు కిందికి ఉంచి కల్పలతే నూనెలోకి వదిలింది. అందరూ బాండీ చుట్టూ మూగారు. మిర్చి పొంగి, బంగారు రంగు తిరిగి, పేలకుండా పైకి తేలింది.

డోరా కొరికింది. ముందు పిండి కరకర, తర్వాత మిర్చి, ఆ వెనక చీజ్ మెత్తదనం. అది పూర్తయ్యేలోపే పులుపు నాలుక పక్కల్ని పట్టుకుంది. ఇంతకాలం ఈ రుచి ఎందుకు తట్టలేదా అనుకుంది. అలా అనుకున్నందుకు బాధేమీ కలగలేదు. ఇంకో ముక్క కొరికింది.

"బాబూ, రాసుకో," అంది నోరు తుడుచుకుంటూ. "గోంగూర చీజ్ మిర్చి. కింద ఈవిడ పేరు రాయి."

"అయ్యో, గిదేం పెద్ద పని అక్కా," అంది కల్పలత. మొహం ఎర్రబడింది.

"పెద్దదో చిన్నదో. పేరు చెప్పమ్మా."

ఉదయ్‌కిరణ్ వేళ్ళు మీటల మీద ఆనించి ఎదురుచూశాడు. కల్పలత పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా చెప్పింది.